మందుకు పేరే కాదు, తూకమూ ఉండాలి

మన ఇళ్ళలో మందు చెప్పని మనిషి ఉండరు. దగ్గు వస్తే మిరియాల కషాయమనీ, కడుపునొప్పికి వాము అనీ, కాలిన చోట కలబంద అనీ, దెబ్బ తగిలితే పసుపు అనీ పొరుగువారు గడప దాటకుండానే చెప్పగలరు. తెలుగు మాట్లాడే ఇంటికీ, ఉర్దూ మాట్లాడే ఇంటికీ ఈ విషయంలో భేదం లేదు. అయితే ఆ మందులో ఏయే వస్తువులు వేయాలో అడిగేవారు వందమంది ఉంటే, ఏ వస్తువు ఎంత వేయాలో అడిగేవారు ఒక్కరు కనిపించరు. అడిగినా "కాస్త", "చిటికెడు", "గుప్పెడు", "చూసి వేసుకో" అన్న సమాధానమే లభిస్తుంది. ఈ "ఎంత" అన్న ప్రశ్నను మనం చిన్నచూపు చూస్తున్నామనీ, అందువలన మన వైద్య సంపదకూ, ఒక్కొక్కప్పుడు మన ప్రాణాలకూ నష్టం కలుగుతున్నదనీ విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను వైద్యుణ్ణి కాను, తెలుగు బోధించేవాణ్ణి. వైద్యాన్ని గురించి తీర్పు చెప్పే అధికారం నాకు లేదు. కాని మాటల అర్థం తరచి చూడడం నా వృత్తి. ఇక్కడ నేను చూపబోయే చిక్కులో సగం మాటల చిక్కే కనుక సాహసిస్తున్నాను.

ముందుగా నా తప్పు నేను చెప్పుకొంటాను. మా నానీ, అనగా మా అమ్మగారి తల్లి దగ్గర చేతితో కుట్టిన ఒక పుస్తకం ఉండేది. ఆమె తండ్రి కాలం నుండి వచ్చిన నుస్ఖాలు అందులో ఉర్దూలో రాసి ఉండేవి. ఆమె పోయిన తరువాత ఆ పుస్తకం నా చేతికి వచ్చింది. నేను ఎం.ఏ. చదువుతున్న రోజులలో సెలవులకు ఇంటికి వచ్చినపుడు మా మామూ మలబద్ధకంతో బాధపడుతుంటే, ఆ పుస్తకం తెరచి సునాముఖి ఆకుతో చేసే కషాయం చదివి వినిపించాను. ఆకు పేరు స్పష్టంగా ఉంది. తూకం దగ్గర మాత్రం సిరా చెదరిపోయి, రెండు అనే అంకె పక్కన ఒక ముక్క అక్షరమే మిగిలింది. నేను దానిని తులం అని చదివాను. రెండు తులాల ఆకు కాచి ఇచ్చారు. ఆ రాత్రి మామూకు విరేచనాలు కట్టలేదు. తెల్లవారుజామున ఆసుపత్రికి తీసుకుపోయి సెలైను ఎక్కించవలసి వచ్చింది. తరువాత ఆ పుస్తకంలోని మిగిలిన పుటలతో పోల్చి చూస్తే అది తులం కాదు, మాషా అని తేలింది. పన్నెండు మాషాలు ఒక తులం. రాసినదానికి పన్నెండింతలు ఇచ్చామన్నమాట! మందుది తప్పు కాదు, నానీది తప్పు కాదు. చదివిన నాదే తప్పు. మామూ కోలుకుని, నేటికీ నన్ను "హకీం సాహెబ్" అని పిలిచి నలుగురిలో నవ్విస్తుంటారు. నాకు మాత్రం ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆ రాత్రి జ్ఞాపకం వస్తుంది.

అది ఒక ఇంటి సంగతి. ఇక మన తీరమంతా కళ్ళారా చూసిన సంగతికి వస్తాను.

2021 మే నెలలో కరోనా రెండవ విడత ఉధృతంగా ఉన్న రోజులు ఎవరూ మరచిపోలేదు. ఆసుపత్రిలో పడక దొరకడం గగనమైన ఆ సమయంలో, మన జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య గారు మూలికలతో చేసిన మందును ఉచితంగా ఇస్తున్నారన్న వార్త దేశమంతా పాకింది. మే 21వ తేదీన వేలాది జనం ఆ చిన్న ఊరిపై విరుచుకుపడ్డారు. కొందరు అంబులెన్సులలోనే వచ్చారు. ఆ రోజే పంపిణీ నిలిచిపోయింది. ఆయుష్ శాఖ అధికారులు వచ్చి తయారీని పరిశీలించి, హాని చేసే పదార్థాలేవీ తమకు కనిపించలేదనీ, అయినా దీనిని ఆయుర్వేద ఔషధంగా గుర్తించలేమనీ చెప్పారు. కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి నివేదిక వచ్చిన పిమ్మట, మే 31న రాష్ట్ర ప్రభుత్వం నోటితో తీసుకునే మందుల పంపిణీకి దారి ఇచ్చింది. కంటిలో వేసే చుక్కలకు ఇవ్వలేదు. ఈ మందు కరోనాను తగ్గిస్తుందనడానికి నిదర్శనం లేదనీ, డాక్టర్లు ఇచ్చిన మందులు మానరాదనీ కూడా హెచ్చరించింది. హైకోర్టులో వ్యాజ్యాలు నడిచాయి. జూన్ 7న పంపిణీ తిరిగి మొదలైంది.

ఆ రోజులలో ఊరంతా రెండు పక్షాలైంది. ఒక పక్షం వారు దీనిని దేవుడిచ్చిన మందు అన్నారు; రెండవ పక్షం వారు దీనిని మూఢనమ్మకమన్నారు. పత్రికలలో జాబితాలు వచ్చాయి. తెల్ల జిల్లేడు పూలు, వేప చిగుళ్ళు, నేరేడు చిగుళ్ళు, మిరియాలు, నల్ల జీలకర్ర, జాజికాయ, పచ్చకర్పూరం, పసుపు, తేనె – ఈ పేర్లు చిన్నపిల్లలకు కూడా కంఠస్థమయ్యాయి. నేను చదివిన వార్తలలో మాత్రం పేర్లే కాని తూకాలు కనిపించలేదు. ఆ లోటు ఎంతటిదో ఒక సాయంత్రం నాకు తెలిసివచ్చింది. మన విద్యార్థి ఒకడు ఫోను చేసి, "సార్, అబ్బాకు జ్వరం. కృష్ణపట్నం పోదామంటే దారిలో ఆపేస్తున్నారు. పేపరులో పడ్డ సామానంతా కొనుక్కొచ్చాం. ఏది ఎంత వేయాలో పేపరులో లేదు. మీకు తెలుసా?" అని అడిగాడు. నాకు తెలియదనీ, తెలియని మందు ఇంట్లో చేయవద్దనీ, డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆపవద్దనీ చెప్పాను. వాడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఎవరిని అడగాలి సార్?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. దైవానుగ్రహం వలన ఆ తండ్రి కోలుకున్నారు. ఆ ప్రశ్న మాత్రం నాలో నిలిచిపోయింది.

ఆనందయ్య గారి మందు పనిచేసిందా లేదా అన్న వివాదంలోకి నేను పోవడం లేదు. కష్టకాలంలో ఒక పల్లెటూరి మనిషి డబ్బు తీసుకోకుండా చేతనైనది చేశాడు. అది గౌరవించవలసిన గుణం. కాని ఏ మందునైనా సరే, పనిచేసిందని చెప్పాలన్నా, పనిచేయలేదని చెప్పాలన్నా, మొదట తెలియవలసినది తూకం. నిన్న పది పూలతో, నేడు ఇరవై పూలతో చేసిన మందును ఒకే మందు అని ఎలా అనగలం? తూకం లేనప్పుడు పొగిడేవాని మాటకూ ఆధారం లేదు, తిట్టేవాని మాటకూ ఆధారం లేదు.

ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. జిల్లేడు సామాన్యమైన మొక్క కాదు. 1940 నాటి ఔషధాల చట్టం కింద ఉన్న నిబంధనలలో, వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలసిన విష ద్రవ్యాల పట్టిక ఒకటి ఉన్నది. ఆయుర్వేదానికి సంబంధించిన ఆ పట్టికలో నాభి, ముష్టి, ఉమ్మెత్తల సరసనే జిల్లేడు కూడా కనిపిస్తుంది. అంతమాత్రాన జిల్లేడు వాడరాదని కాదు. పూర్వులు వాడారు, నేటికీ వాడుతున్నారు. ఎంత వాడాలో తెలిసిన చేతిలోనే అది మందు. విషానికీ మందుకూ నడుమ ఉన్న గోడ మోతాదు మాత్రమే అని పదహారవ శతాబ్దంలో పారసెల్సస్ అనే ఐరోపా వైద్యుడు చెప్పిన మాట వైద్య విద్యార్థులందరికీ తెలుసు. ఆ మాట మన పెద్దలకు అంతకు ముందే తెలుసు. కాకపోతే మనమే మరచిపోయాము.

మన పెద్దలు కొలత ఎరుగనివారు కారు. ఆయుర్వేదంలో శార్‌ఙ్గధర సంహిత మాగధమానం, కాళింగమానం అని రెండు కొలమానాలను వివరిస్తుంది. పచ్చి మూలిక వాడవలసి వస్తే, ఎండు మూలికకు చెప్పిన తూకానికి రెట్టింపు తీసుకోవాలని, కొన్ని మూలికలకు మినహాయింపు ఇస్తూ, నియమం చేసింది. పచ్చి ఆకులో నీరు ఉంటుందన్న లెక్క అందులో ఇమిడి ఉన్నది. ఇక యునానీ వైద్యానికి ఆధారమైన ఇబ్న్ సీనా గ్రంథం "అల్ ఖానూన్"లో ఔషధాన్ని పరీక్షించడానికి కొన్ని షరతులు ఉన్నాయి. మందు బలం రోగ బలానికి తగినట్లు ఉండాలనీ, తక్కువ బలంతో మొదలుపెట్టి పైకి పోవాలనీ ఆయన బోధించాడు. ఆ గ్రంథంలోని అయిదవ సంపుటం మొత్తం మిశ్రమ ఔషధాలకే కేటాయించబడింది. తూకంలో మోసం చేసేవారి పేరుతోనే ఖురాన్‌లో ఒక సూరా ఉన్నదన్న సంగతి మన విద్యార్థులకు చెప్పనక్కరలేదు. అమ్మకంలో తూకం న్యాయమైతే, మందులో తూకం ప్రాణమని మనం గ్రహించాలి.

మరి ఇంత కొలత ఉన్న సంప్రదాయంలో ఈ అయోమయం ఎక్కడినుండి వచ్చింది? కొలత పేరు అలాగే నిలిచి, కొలత మారిపోవడం వలన వచ్చింది. దీనికి మన నెల్లూరు కంటె మంచి ఉదాహరణ వేరొకటి అక్కరలేదు.

ఒకప్పుడు నెల్లూరు మద్రాసు రాజధానిలో భాగం. ఆ కాలపు మన బజారులో పలం అంటే మూడు తులాలు. తులం 11.66 గ్రాములు కనుక పలం సుమారు 35 గ్రాములు. ఎనిమిది పలాలు ఒక శేరు, అయిదు శేర్లు ఒక వీశె. ఆయుర్వేద గ్రంథంలోని పలం అది కాదు. అది నాలుగు కర్షాలు. 1978లో భారత ప్రభుత్వం ప్రకటించిన ఆయుర్వేద యోగాల సంపుటి ప్రకారం కర్షం 12 గ్రాములు, పలం 48 గ్రాములు. మాట ఒకటే, అక్షరాలు కూడా అవే. గ్రంథం చూసి "పలం" అని చదివి, బజారులో "పలం" అని అడిగి తెచ్చినవాడు నాలుగో వంతుకు మించి తక్కువ తెచ్చినట్లే. శేరు సంగతి ఇంకా విపరీతం. మన మద్రాసు శేరు 24 తులాలు, అంటే దాదాపు 280 గ్రాములు. ఉత్తరాది పక్కా శేరు 80 తులాలు, అంటే 933 గ్రాములు. లక్నోలోనో ఢిల్లీలోనో అచ్చయిన యునానీ పుస్తకంలో "ఒక శేరు నీళ్ళు" అని ఉంటే, దానిని నెల్లూరు శేరుతో కొలిచినవాని కషాయం మూడింతలు చిక్కబడుతుంది. వాడు పుస్తకంలో ఉన్నట్లే చేశానని ప్రమాణం కూడా చేయగలడు!

రూపాయెత్తు కథ మరీ విచిత్రం. బ్రిటిషువారి కాలంలో వెండి రూపాయి సరిగ్గా ఒక తులం తూగేది. అందుకే మన అవ్వలు "రూపాయెత్తు మిరియాలు", "అర్ధరూపాయెత్తు శొంఠి" అనేవారు. అది ఆ రోజులకు ఖచ్చితమైన తూకం. ప్రతి ఇంట్లోనూ ప్రభుత్వ ముద్ర వేసిన తూనికరాయి ఉన్నట్లే. 2011 తరువాత ముద్రించిన రూపాయి బిళ్ళ నాలుగు గ్రాములు కూడా తూగదు. నేటి పిల్లవాడు అవ్వ మాటను తు.చ. తప్పకుండా పాటించి, జేబులోని బిళ్ళతో తూచి మందు చేస్తే మూడో వంతు మందే తయారవుతుంది.

ఇక కంసాలివారి త్రాసులో నుండి వైద్యుని త్రాసులోకి వచ్చిన గురివింద గింజ ఉన్నది. ఉర్దూలో రత్తీ అన్నది ఇదే. ఎనిమిది రత్తీలు ఒక మాషా. రత్తీ సుమారు 120 మిల్లీగ్రాములు. పూర్వులు ఈ గింజను ఎంచుకోవడానికి కారణం, అవి ఇంచుమించు ఒకే బరువు తూగడమే. కాని అన్ని గింజలూ ఒకే రీతిగా ఉండవు. పైగా ఆ గింజే విషం. నేను పైన చెప్పిన విష ద్రవ్యాల పట్టికలో గురివింద పేరు కూడా ఉన్నది. తూచే గింజ పొరపాటున నూరుడు బండలో పడితే ఏమవుతుందో ఊహించుకోండి.

తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చి, 1958 అక్టోబరు నుండి దశలవారీగా మెట్రిక్ పద్ధతి మన బజారులోకి ప్రవేశించింది. పచారీ కొట్టులో, బట్టల అంగడిలో మనం గ్రాములకు, మీటర్లకు అలవాటు పడ్డాము. ప్రభుత్వ పక్షాన ఆయుర్వేదానికి 1978లోనూ, యునానీకి 1981లోనూ జాతీయ యోగ సంపుటాల మొదటి భాగాలు గ్రాముల లెక్కతో వెలువడ్డాయి. లైసెన్సుతో తయారైన ఆయుర్వేద, యునానీ మందు సీసా మీద, ఏ మూలిక ఎంత ఉన్నదో రాసి తీరాలన్న నిబంధన కూడా ఉన్నది. ఇవన్నీ కంపెనీ మందులకు. మన వంటింటి మందు మాత్రం నేటికీ తులం, గుప్పెడు, రూపాయెత్తుల మధ్యనే నిలిచి ఉన్నది. చట్టం గడప దాకానే వచ్చింది. గడప లోపలికి రావలసినది మన బుద్ధి.

ఇది మన ఒక్కరి దురవస్థ అనుకోవద్దు. మూలికా వైద్యంలో మనతో సమానమైన ప్రాచీనత గల చైనాలో కూడా ఇదే చిక్కు ఉన్నది. క్రీస్తు శకం రెండవ శతాబ్దం చివర జీవించిన జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుని యోగాలను అక్కడి వైద్యులు నేటికీ వాడుతున్నారు. ఆయన తన మూలికలను లియాంగ్ అనే తూకంలో చెప్పాడు. ఆ కాలపు లియాంగ్ సుమారు 14, 15 గ్రాములని, త్రవ్వకాలలో దొరికిన తూనికరాళ్ళను బట్టి, పండితులు లెక్కకట్టారు. పదహారవ శతాబ్దంలో మహా ఔషధ గ్రంథం రచించిన లీ షిజెన్ మాత్రం, పూర్వపు ఒక లియాంగ్‌కు తన కాలపు ఒక చియెన్ చాలునని చెప్పాడు. చియెన్ అంటే లియాంగ్‌లో పదో వంతు. 1979లో చైనా ప్రభుత్వం వైద్యుల చీటీలను మెట్రిక్ పద్ధతికి మార్చి, చియెన్‌ను 3 గ్రాములుగా నిర్ణయించింది. కనుక ఒకే వైద్యుడు రాసిన ఒకే యోగాన్ని ఒక పండితుడు 15 గ్రాములతోనూ, మరొక పండితుడు 3 గ్రాములతోనూ చేయవచ్చు. అయిదింతల తేడా! ఈ విషయమై వారిలో వారికి నేటికీ వాదం తెగలేదు. కాని వారు వాదించుకోగలుగుతున్నది కూడా, ఆ ప్రాచీన వైద్యుడు అంకె రాసిపెట్టి పోయినందువల్లనే. "కాస్త" అని రాసి ఉంటే వాదానికి కూడా చోటు ఉండేది కాదు.

అదే చైనా నుండి మరొక పాఠం కూడా నేర్చుకోవచ్చు. నాలుగవ శతాబ్దపు గె హోంగ్ అనే పండితుడు చలిజ్వరానికి ఒక మొక్కను చెప్పాడు: ఒక గుప్పెడు తీసుకుని, ఇన్ని నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆ రసం త్రాగాలని. పదహారు వందల సంవత్సరాల తరువాత, 1971లో, తు యూయూ అనే పరిశోధకురాలు ఆ మాటను పట్టుకుని ఆలోచించారు. కాచమనలేదు, పిండమన్నాడు, కనుక వేడి తగిలితే గుణం పోతుందేమో అని ఊహించి, తక్కువ వేడిలో సారం తీశారు. దాని నుండి వచ్చినదే నేడు మలేరియాకు ప్రపంచమంతా వాడుతున్న ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. చేసే విధానాన్ని ఆ పండితుడు రాసి ఉంచినందువల్ల ఇది సాధ్యమైంది. అయినా "గుప్పెడు" మాత్రం ఎవరికీ ఉపయోగపడలేదు. ఆ మొక్కలోని సారం, అది పెరిగిన చోటునూ, కోసిన కాలాన్నీ బట్టి మారుతుంది. ఎన్ని మిల్లీగ్రాములు ఇవ్వాలో నిర్ణయించడానికి పరిశోధకులు ఆ పని మొదటినుండి చేయవలసి వచ్చింది.

మన దేశంలోనూ అటువంటి ఉదాహరణ ఉన్నది. హకీం అజ్మల్ ఖాన్ సర్పగంధిని శాస్త్రీయంగా పరిశీలింపజేయాలని సంకల్పించారు. ఆయన ప్రోత్సాహంతో ఢిల్లీ తిబ్బియా కళాశాలలో పరిశోధన చేపట్టిన సలీముజ్జమాన్ సిద్దీఖీ 1931లో దాని వేరు నుండి ఒక ద్రవ్యాన్ని వేరుచేసి, ఆ మహనీయుని స్మృతికి అజ్మలీన్ అని పేరు పెట్టారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ అదే సర్పగంధి వేరు రక్తపోటును తగ్గిస్తుందని రోగుల లెక్కలతో సహా ప్రకటించగా, 1952లో స్విట్జర్లాండులో దాని నుండి రెసర్పిన్ అనే మందు వెలువడింది. అదే మందు మోతాదు మించితే మనసును క్రుంగదీస్తుందని కూడా తరువాత తేలింది. తూచి చూసినందువల్ల గుణమూ తెలిసింది, దోషమూ తెలిసింది. ఈ కథలో ఒక హకీం సాహెబ్ స్వయంగా తన వైద్యాన్ని త్రాసులో పెట్టమన్నాడని మనం గుర్తుంచుకోవాలి. తన విద్య మీద నమ్మకం ఉన్నవాడే అలా అనగలడు.

నా ఈ వాదానికి కొన్ని ఆక్షేపణలు ఉన్నాయని ఎరుగుదును. మొదటిది పెద్దలు చెప్పేది. "మన వైద్యంలో మందు మనిషిని బట్టి మారుతుంది. మిజాజు చూసి హకీం తగ్గిస్తాడు, పెంచుతాడు. అందరికీ ఒకే గ్రాము అనడం మన పద్ధతి కాదు" అంటారు. ఇందులో నిజం ఉన్నది. కాని తగ్గించడానికైనా, పెంచడానికైనా ముందుగా ఒక అంకె ఉండాలి కదా! దర్జీ ఒక్కొక్కరికి ఒక్కొక్క కొలతతో కుడతాడు. అందుచేత అతనికి టేపు అక్కరలేదని అనము. మనిషిని బట్టి మార్చేవానికే కొలత ఎక్కువ అవసరం.

రెండవ ఆక్షేపణ రహస్యాన్ని గురించినది. "తూకం చెబితే మందు పరుల పాలవుతుంది" అంటారు. 1995లో పసుపుతో గాయం మాన్పడానికి అమెరికాలో పేటెంటు ఇచ్చినపుడు, మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి దానిని ఎదిరించి 1997లో రద్దు చేయించింది. ఎలా చేయించింది? ప్రాచీన సంస్కృత గ్రంథాన్నీ, 1953లో భారతీయ వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసాన్నీ సాక్ష్యంగా చూపి. అవ్వ నోటిలోని మాటను సాక్ష్యంగా చూపి నిరూపించడం కష్టం. రాసి ఉన్నదే మనదని చెప్పుకోగలము. రాయనిది మనిషితో పాటు మట్టిలో కలుస్తుంది, లేదా మరొకరి పేరు మీద అచ్చవుతుంది.

మూడవ ఆక్షేపణ చదువుకున్న యువకులది. "ఈ ఆకుపసరు గోల మనకెందుకు? మాత్ర వేసుకుంటే పోదా?" అంటారు. వారికి ఒక్క మాట చెబుతాను. మీరు నమ్మినా నమ్మకపోయినా, మీ ఇంట్లో అమ్మ చేస్తుంది, పక్కింటి ఖాలా చేస్తుంది. 2021 మేలో నమ్మనివారి ఇళ్ళ నుండి కూడా కృష్ణపట్నానికి మనుషులు పోయారు. భయం వచ్చినపుడు మనిషి తన పాత ఇంటికే పరుగెత్తుతాడు. ఆ ఇల్లు కూలిపోకుండా చూడడం చదువుకున్నవారి బాధ్యత.

కాబట్టి కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి చేస్తున్నాను. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు రెండు భాషలూ ఉన్నాయి. జిల్లాలో చాలా కళాశాలలకు ఈ భాగ్యం లేదు. మన విద్యార్థుల ఇళ్ళలో ఉర్దూ నుస్ఖాల పుస్తకాలూ ఉన్నాయి, తెలుగు అవ్వల మందులూ ఉన్నాయి. వీటిని సేకరించే పని ఒక విద్యా సంవత్సరం పాటు చేపట్టాలని నా కోరిక. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక గ్రాము వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, ఒక రిజిస్టరు, ఎండిన మొక్కలను భద్రపరచే కొన్ని అట్టలు చాలు. సూక్ష్మమైన తూకాలకు రసాయన శాస్త్ర విభాగపు త్రాసు ఉండనే ఉన్నది.

పని చేసే తీరు ఇలా ఉండవచ్చును. విద్యార్థి ఇంటికి పోయి అవ్వను మందు ఏమిటని అడిగి ఊరుకోరాదు; ఆమె చేత చేయించాలి. ఆమె గుప్పెడు తీసినపుడు ఆ గుప్పెడును తూచాలి. ఒకసారి కాదు, అయిదారుసార్లు తీయించి, ప్రతిసారీ వచ్చిన అంకె రాయాలి. ఆకు పచ్చిదా, ఎండుదా, ఏ నెలలో కోసినది, ఎన్ని నీళ్ళు పోసి ఎంతకు మరిగించారు, ఎవరికి ఎంత ఇస్తారు, ఎవరికి ఇవ్వరు అన్నవి రాయాలి. గర్భిణికి, పసిపిల్లలకు ఇవ్వకూడదని అవ్వ చెబితే, ఆ మాట మందు కంటె విలువైనదని గుర్తించాలి. మొక్క కొమ్మను తెచ్చి వృక్షశాస్త్ర విభాగానికి చూపి అసలు పేరు నిర్ధారించుకోవాలి. ఒకే పేరుతో ఊరికొక మొక్క ఉండడం మనకు కొత్త కాదు. పాత పుస్తకాలలో తులం, మాషా, పలం అన్నవి ఏ కాలపువో, ఏ ఊరివో ఉర్దూ, తెలుగు విభాగాలవారు చూసి, పక్కన గ్రాములలో రాయాలి. సందేహం ఉన్న చోట ఊహించి పూరించరాదు, సందేహమనే రాయాలి. ఈ నియమం అందరికంటె నాకు ఎక్కువ వర్తిస్తుంది!

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ రిజిస్టరు వైద్యం చేయడానికి కాదు. దానిలో ఉన్నది చూసి ఎవరూ మందు చేసుకోకూడదని మొదటి పుటలోనే రాయాలి. పని ముగిసిన పిమ్మట దాని ప్రతిని కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాలకూ, హైదరాబాదులోని నిజామియా తిబ్బీ కళాశాలకూ పంపి, తెలిసినవారి అభిప్రాయం కోరవచ్చును. పరీక్షించి తీర్పు చెప్పడం వారి పని. వారి ముందు పెట్టడానికి అంకె ఉండేటట్లు చూడడం మన పని.

విద్యార్థి మిత్రులారా! నేను మా నానీ పుస్తకాన్ని ఇప్పటికీ దాచుకున్నాను. అందులో చాలా చోట్ల "ముట్టీ భర్", "చుట్కీ భర్" అని ఉన్నది. పిడికెడు, చిటికెడు. ఆమె చేయి చాలా చిన్నది; నా పిడికిలిలో సగం ఉండేదేమో. ఆ చేతి పిడికెడు ఎన్ని గ్రాములో ఇక నేను ఏ త్రాసుతోనూ తెలుసుకోలేను. ఆమె బ్రతికి ఉన్నపుడు అయిదు నిమిషాల పని అది. మీలో చాలామందికి అవ్వలు, నానీలు, దాదీలు ఇంకా ఉన్నారు. ఈ సెలవులలో ఇంటికి పోయినపుడు వారి పక్కన కూర్చుని, ఏమి వేస్తారో అడగండి. తరువాత ఎంత వేస్తారో అడగండి. వారు నవ్వి "చూసి వేస్తాంలే" అంటారు. మీరు త్రాసు తీసి, వారి చేతిలోనిది అందులో వేయమని చెప్పండి.